చీకటి గొట్టంలో పలుకు

గిటారు తీగను ఎంత గట్టిగా మీటితే వడపోత (ఫిల్టర్) అంత ఎత్తుకు జరగాలి. ఎన్వలప్ ఫిల్టర్ పెడల్ పని అంతే. ఇంట్లో కట్టుకునేవాళ్లకు డాక్టర్ క్యూ తరహాది చవక, అందులో వడపోతను జరిపేది ట్రాన్సిస్టరు. 1972లో మ్యూజిట్రానిక్స్ తెచ్చిన మ్యూట్రాన్ 3 పద్ధతిలో ఆ పని వెలుతురుది: ఎల్‌ఈడీ వెలిగేకొద్దీ ఎదుట ఉన్న ఎల్‌డీఆర్ (వెలుతురును బట్టి మారే రెసిస్టరు) నిరోధం పడిపోతుంది. నా ఓటు దీనికే. వెలుతురు తగ్గాక ఎల్‌డీఆర్ నిదానంగా కోలుకుంటుంది కాబట్టి స్వరం కుదుపు లేకుండా దిగుతుంది.

అయితే ఈ పద్ధతికి ఎల్‌డీఆర్‌లు జతగా కావాలి, ఒకే పొట్లంలోని రెండు కూడా ఒకే విలువ చూపవు. మల్టీమీటరుతో ఒక్కొక్కటే కొలిచి, దగ్గరగా ఉన్న జతను ఏరి, నల్లటి హీట్‌ష్రింక్ గొట్టంలో ఎల్‌ఈడీకి ఎదురుగా బిగించాలి. పిసరంత వెలుతురు దూరినా లెక్క తప్పుతుంది. అసలు పనితనం ఇక్కడే ఉంది, సర్క్యూట్ బొమ్మలో కాదు. ఎల్‌ఈడీ, ఎల్‌డీఆర్ కలిపి మూసిన రెడీమేడ్ ఆప్టోకప్లర్లు దొరుకుతుంటే ఈ తంటా ఎందుకంటారా? వాటిలోనూ తేడాలుంటాయి, కొలవక తప్పదు. కొత్త చేతికి ట్రాన్సిస్టరు దారే సులువన్నది మాత్రం నిజం, మొదటిది అదే కట్టుకోవచ్చు. చీడికాడలాంటి చిన్న ఊళ్లో రేడియోలు, యాంప్లిఫయర్లు విప్పి చూసే మెకానిక్‌కు మాత్రం ఈ కొలతలో కొత్తేమీ లేదు. అతను అదనంగా నేర్చుకోవలసింది ట్రిమ్‌పాట్ తిప్పుతూ, ఎదుట వాయించేవాడి చేతి బలానికి తగ్గట్టు పెడల్‌ను సరిచేయడం.