వెనక్కి తీసుకోవడమూ పనితనమే

కొత్త తరం కారు వచ్చిందనగానే షోరూములో మనకు ముందు చెప్పేది ఏమేం చేర్చారన్నది. నేను మాత్రం ఏం తీసేశారు, ఒకప్పుడు తీసేసినవాటిలో ఏది మళ్లీ తెచ్చారు అని వెతుకుతాను. ఒకే కారును పాతికేళ్లుగా మలుస్తున్న ఇంజనీర్ల పనితనం నాకు అక్కడే కనిపిస్తుంది. ఈ మాటకు హోండా సిటీని మించిన ఉదాహరణ మన రోడ్ల మీద నాకు దొరకలేదు.

ఆ కంపెనీ మన దేశంలో అమ్మిన తొలి కారు ఇదే. 1998లో గ్రేటర్ నోయిడా ఫ్యాక్టరీ నుంచి వచ్చింది. తర్వాత అందులో పెట్టిన 1.5 లీటర్ల వీటెక్ ఇంజను 106 హార్స్‌పవర్ ఇచ్చేది. యాక్సిలరేటర్ తొక్కితే బండి ఉరికేది. ఆ ఇంజను మోత విని పరవశించిన కుర్రాళ్లు ఇప్పుడు నడివయసుకు వచ్చారు. ఆ కారును ఇప్పటికీ అపురూపంగా చూసుకుంటున్నవాళ్లు ఉన్నారు.

అలాంటి కారుకు 2003లో వారసుడు వచ్చాడు. శక్తి 77 హార్స్‌పవర్! పికప్ పోయిందని అభిమానులు కుమిలిపోయారు. కానీ ఆ ఇంజనులో ఒక్కో సిలిండరుకు రెండేసి స్పార్క్ ప్లగ్గులు పెట్టారు. రెండు చోట్ల నిప్పంటుకోవడంతో పెట్రోలు పూర్తిగా మండి మైలేజీ పెరిగింది. పెట్రోలు ట్యాంకును ముందు సీట్ల కిందికి జరిపి వెనక చోటు మిగిల్చారు. విజయవాడ నుంచి హైదరాబాదుకు ఆ వెనక సీటులో వెళ్లినప్పుడల్లా కాళ్లు చాపుకోవడానికి దొరికిన ఆ చోటు నాకు గొప్ప సుఖంగా తోచేది. మొదటి తరం స్టీరింగు పట్టినవాడి మాట వింటే, రెండోది వెనక కూర్చున్న ఇంటిల్లిపాది మాట వింది. అమ్మకు మోకాళ్లు పట్టేయకుండా ఊరు చేర్చే కారు నా దృష్టిలో తక్కువదేమీ కాదు.

అయినా పోయిన జోరును ఇంజనీర్లు మరిచిపోలేదు. 2008లో వచ్చిన తరం ఐవీటెక్ ఇంజనుతో దాదాపు 118 హార్స్‌పవర్ తెచ్చింది. వెనక సీటులో చోటు తగ్గలేదు. అన్నిటికంటే నాకు నచ్చిన సంగతి వేరే ఉంది. రెండు ఎయిర్‌బ్యాగులు, ఏబీఎస్ బ్రేకులు అన్ని వేరియంట్లకూ ఇచ్చారు. భద్రత ఖరీదైన మోడల్ కొన్నవాళ్ల సొత్తుగా ఉన్న రోజులవి. తక్కువ ధర మోడల్ కొన్న ఇంట్లోవాళ్ల ప్రాణమూ అంతే విలువైనదని ఆ నిర్ణయం ఒప్పుకుంది.

అప్పట్లో డీజిలు చవక. డీజిలు బండి లేక సిటీ వెనకబడింది. 2014 తరంలో ఆ లోటు తీర్చారు. అదే తరంలో పై వేరియంట్లలో ఏసీకి గుండ్రటి నాబ్‌లు తీసేసి టచ్ ప్యానెల్ పెట్టారు. చూడ్డానికి అందంగా ఉండేది. కానీ నాబ్‌ను చేయి తడిమి తిప్పుతుంది. టచ్ ప్యానెల్ మీద వేలు పెట్టాలంటే రోడ్డు మీది చూపు తిప్పుకోవాలి. లారీల మధ్య వెళ్లేటప్పుడు ఆ క్షణం చాలా పెద్దది. 2020 తరంలో నాబ్‌లు తిరిగి వచ్చాయి. కారు నాలుగున్నర మీటర్లు దాటి పెరిగింది, పై వేరియంట్లలో ఎయిర్‌బ్యాగులు ఆరు. అయినా ఆ నాబ్‌లను చూసినప్పుడే నాకు మనసు నిండింది. కొత్తగా కనిపించాలన్న పోటీలో పాత పద్ధతే మేలని ఒప్పుకుని వెనక్కి రావడానికి ధైర్యం కావాలి.

2022లో హైబ్రిడ్ వచ్చింది. ఊళ్లో ఎక్కువగా మోటారే చక్రాలను తిప్పుతుంది, ఇంజను కరెంటు పుట్టిస్తుంది. హైవే వేగంలో ఇంజనే నేరుగా చక్రాలకు కలుస్తుంది. కంపెనీ చెప్పిన మైలేజీ లీటరుకు 26.5 కిలోమీటర్లు. మరుసటి ఏడాది, పొగ నిబంధనలు కఠినమయ్యేవేళ, డీజిలు సెలవు తీసుకుంది. 2003లో జోరు వదులుకుని సాధించిన పొదుపు ఇప్పుడు జోరుతోపాటే దొరుకుతోంది.

ఈలోగా జనం ఎత్తైన ఎస్‌యూవీల వైపు మళ్లారు. దాన్ని నేను తప్పుపట్టను. పెద్దవాళ్లకు సిటీలాంటి సెడాన్‌లోకి వంగి కూర్చోవడం, మళ్లీ లేవడం నిజంగానే కష్టం. రాబోయే సిటీని గీస్తున్నవాళ్లు ఈ కష్టం మీద దృష్టి పెట్టాలని నా కోరిక. సీటు కాస్త ఎత్తు పెంచండి, తలుపు ఇంకాస్త వెడల్పుగా తెరుచుకోనివ్వండి. డ్యాష్‌బోర్డు మీది తెర ఒక అంగుళం తగ్గినా ఫరవాలేదు. ఇంట్లో అందరికంటే పెద్దవారు ఎవరి చేయీ పట్టుకోకుండా ఎక్కి దిగగలిగితేనే అది కుటుంబం కారు.