కూచిపూడి మేళం గొంతు

కూచిపూడి అనగానే ఇప్పుడు మన కళ్లముందు నిలిచేది ఇత్తడి పళ్లెం అంచుల మీద పాదాలు మోపి ఆడే ఒంటరి నర్తకి. ఆ తరంగం అందమైనదే, కాదనను. కానీ ఉయ్యూరు దాటి, పామిడిముక్కల మండలం వరి చేల మీదుగా పామర్రు చేరి, అక్కడ చల్లపల్లి రోడ్డు పట్టుకుంటే తగిలే ఆ చిన్న ఊరికి పేరు తెచ్చింది ఒంటరి నాట్యం కాదు, మేళం. ఆడేవాళ్లు, పాడేవాళ్లు, మృదంగం వాయించేవాళ్లు, తెర పట్టేవాళ్లు, హాస్యగాడు అంతా ఒక జట్టుగా ఊరూరా తిరిగి, పందిట్లో తెల్లవార్లూ కథ నడిపేవారు. నాటకం వాళ్లకు వృత్తి, వ్రతం కూడా.

ఈ మేళాల వయసు ఎంతో చెప్పడానికి మాచుపల్లి కైఫియతు అనే పాత స్థానిక చరిత్ర పత్రాన్ని అందరూ ఉదాహరిస్తారు. 16వ శతాబ్దం తొలి రోజుల్లో కూచిపూడి వాళ్లు విజయనగర ప్రభువు వీరనరసింహరాయల ముందు ఆట ఆడి, సిద్ధవటం పాలకుడు సమ్మెట గురవరాజు జనాన్ని పెడుతున్న హింసను ఆ ఆటలోనే చూపించారని అందులో ఉంది. రాజుకు అర్జీ పెట్టుకోలేని జనం గోడును నటులు రంగస్థలం మీద వినిపించారన్నమాట. ఆ తర్వాతి కాలంలో గోల్కొండ తానీషా కూచిపూడిని అగ్రహారంగా ఇచ్చాడంటారు. 1763లో ఆ అగ్రహారాన్ని పంచుకుంటూ రాసుకున్న పత్రంలోని ఇంటిపేర్లు వేదాంతం, వెంపటి, పసుమర్తి, చింతా, భాగవతుల, మహంకాళి వంటివి. ఈరోజు కరపత్రాల మీద కనిపించే పేర్లూ అవే.

మేళాన్ని ఒక క్రమమైన నాటక సంస్థగా నిలబెట్టిన ఘనత చింతా వెంకటరామయ్యది. 1860లో పుట్టి 1949 దాకా జీవించిన ఆయన వెంకటరామ నాట్య మండలిని స్థాపించి, ప్రహ్లాద, ఉషా పరిణయం, శశిరేఖా పరిణయం, మోహినీ రుక్మాంగద లాంటి యక్షగానాలను ఒక పట్టుకు తెచ్చారు. ఆయన తర్వాత మండలిని భుజాన వేసుకున్నవారు చింతా కృష్ణమూర్తి. ఎవరికి ఏ వేషం నప్పుతుందో, ఏ ఊళ్లో ఏ కథ నడుస్తుందో తెలిసిన నాయకుడు లేనిదే మేళం నాలుగు ఊళ్లు తిరగలేదు. తరాలు మారుతున్నా ఒక మండలి దశాబ్దాల పాటు నిలిచిందంటే వేషగాళ్ల ప్రతిభ ఒక్కటే చాలదు, ఇలాంటి దక్షత కావాలి.

ఇక ఆట ఎలా నడుస్తుందో చూద్దాం. ముందు పూర్వరంగం. రంగాన్ని నీళ్లు చల్లి శుద్ధి చేస్తారు, ముగ్గు పెడతారు, దీపం వెలిగిస్తారు, ఇంద్రధ్వజాన్ని నిలబెడతారు. అమ్మవారికి పరాకు చెబుతారు. ఒక పిల్లవాడు ఏనుగు ముఖం తగిలించుకుని వినాయకుడై వచ్చి దీవించి వెళతాడు. జనం సర్దుకుని కూర్చునే వేళకు రంగం కూడా సిద్ధమవుతుంది. అప్పుడు సూత్రధారుడు చేతిలో తాళాలతో కథ అందుకుంటాడు.

భామాకలాపంలో సత్యభామ రాక మేళం నేర్పుకు గీటురాయి. ఇద్దరు తెర పట్టుకుంటారు. వెనక నుంచి మొదట బయటికి వచ్చేది ముఖం కాదు, జడ. రాగిడి, చంద్రవంక, సూర్యుడు, నాగపడగ తీర్చిన ఆ పొడవాటి జడను తెర మీదుగా ఇవతలికి వేస్తారు. నా విద్యను మించినవాళ్లు ఎవరైనా ఉంటే ఈ జడ కోసి ఇస్తానని సవాలు విసరడమే దాని అర్థమని మేళంవాళ్లు చెబుతారు. తర్వాత భైరవి రాగంలో ప్రవేశదరువు మొదలవుతుంది. నేను ఫలానా, నా గొప్ప ఇది, నా గుణం ఇది అని పాత్ర తనంత తానే పాడి చెప్పుకుంటుంది. ప్రతి ముఖ్యపాత్రకూ ఇలాంటి దరువు ఒకటి ఉంటుంది. అది విన్నాక ఆ పాత్ర ఎవరో అడగాల్సిన పని ఉండదు.

ఇక్కడే అసలు సంగతి ఉంది. ఆ పాట పాడేది ఎవరు? పాత్రధారే. ఆంగిక, వాచిక, ఆహార్య, సాత్త్వికాలు నాలుగూ ఒకే మనిషి మోయాలన్నది మేళం నియమం. వేషం కట్టినవాడు పల్లవి ఎత్తుకుంటాడు, వెనకున్న గాయకుడు అందుకుంటాడు. ఆ కాస్త వ్యవధిలో పాత్రధారి ఊపిరి కూడదీసుకుని అదే మాటను కళ్లతో, చేతులతో అభినయిస్తాడు. నట్టువాంగం జతి పలకగానే గొంతు ఆగి పాదం అందుకుంటుంది. జతి ముగిసిన చోట, తాళం తప్పకుండా, మళ్లీ గొంతు ఎత్తుకోవాలి. గెంతులు వేసి వచ్చిన మనిషి ఎగశ్వాస వినబడకుండా భైరవి గాంధారం నిలబెట్టాలి. మైకులు లేని రోజుల్లో పందిరి చివర కూర్చున్న ముసలమ్మకు కూడా మాట స్పష్టంగా అందాలి. అందుకే పిల్లలకు ఐదారేళ్ల వయసు నుంచే అడుగులతో పాటు పద్యం, దరువు, వచనం నోటికి వచ్చేలా చెప్పేవారు. ఈ విద్యలో కఠినమైన పాఠం కాలిది కాదు, ఊపిరిది.

మాటల విషయానికి వస్తే, భామాకలాపంలో మాధవి సన్నివేశం అంత ఇష్టంగా జనం మరేదీ చూసి ఉండరు. సూత్రధారుడే సత్యభామ దగ్గర మాధవి అవుతాడు, కృష్ణుడి దగ్గరికి వెళితే మాధవుడవుతాడు. అద్దంలో చూసుకుంటూ ఎవరి అందం గొప్పదో అని మొదలైన మాట పట్టింపుతో కృష్ణుడు అలిగి వెళ్లిపోయాడు. విరహంతో సత్యభామ మాధవిని రాయబారం పంపాలి. "నీ మగడెవరమ్మా?" అని మాధవి అడుగుతుంది. పెనిమిటి పేరు నోటితో పలకడమా! సత్యభామ సిగ్గుపడుతుంది, గుర్తులు చెబుతుంది, చుట్టూ తిప్పుతుంది. మాధవి అర్థం కానట్టు నటిస్తుంది. మొగుడి పేరు చెప్పడానికి సిగ్గుపడే ఆడవాళ్లే ఎదురుగా కూర్చుని ఉంటారు కాబట్టి పందిరంతా నవ్వుతుంది. చివరికి మాధవి తన కూలిగా ముక్కెర అడుగుతుంది. ముత్తైదువ ముక్కెర ఎలా ఇస్తుంది? ఆ బేరం ఎంతసేపు సాగాలో రాతప్రతిలో ఉండదు. జనం ఉత్సాహం చూసి సూత్రధారుడు నిర్ణయిస్తాడు. చింతా కృష్ణమూర్తి మాధవి వేషానికి అంత పేరు రావడానికి కారణం ఈ కొలత తెలియడమే. ఎదుటి నటుడి మాట ఎటు పోతుందో ముందే పసిగట్టి అందుకోవడం ఏళ్ల తరబడి ఒకే మేళంలో కలిసి ఆడితేనే వస్తుంది.

సుకుమారం ఒక వైపైతే, ఉగ్రం మరో వైపు. ప్రహ్లాదలో హిరణ్యకశిపుడు వచ్చేటప్పుడు దివిటీల మీద గుగ్గిలం పొడి చల్లేవారు. భగ్గున మంట లేచి, ఆ వెలుగులో కిరీటం, మీసం, గుడ్లు మెరిసేవి. ఉగ్రపాత్రకు గొంతు చించుకుని అరవడం చేతగానితనం. తెల్లవారేదాకా ఆ స్థాయి నిలవాలంటే నాదం బొడ్డు దగ్గర పుట్టాలి. తంజావూరు దగ్గరి మెలట్టూరులో మన భాషలోనే, మెలట్టూరు వెంకటరామశాస్త్రి రాసిన ప్రహ్లాద చరిత్రను ఇప్పటికీ నరసింహ జయంతికి ఆడతారు. అక్కడ నరసింహుడి ముఖాన్ని పూజలో ఉంచుతారు. దాన్ని ధరించిన మనిషిని, ఆవేశం కట్టు తప్పకుండా, నలుగురు పట్టుకుని ఉంటారు. కృష్ణా డెల్టాకు, కావేరి డెల్టాకు మధ్య ఇంత దూరం ఉన్నా తెలుగు యక్షగానం నెత్తురు ఒకటే.

వెంకటరామ నాట్య మండలి కీర్తిని దేశమంతటా మోసినవాడు వేదాంతం సత్యనారాయణ శర్మ. అన్న ప్రహ్లాద శర్మ దగ్గర, చింతా కృష్ణమూర్తి దగ్గర నేర్చుకున్న ఆయన ఉషగా మొదలై, సత్యభామగా, శశిరేఖగా, మోహినిగా దశాబ్దాలు ఏలారు. ఆయన గొప్పతనం ఆడవాళ్లను అనుకరించడంలో లేదు. చూపు తిప్పడానికి, మెడ కదపడానికి, మాట విడవడానికి మధ్య ఎంత వ్యవధి ఉండాలో ఆయనకు తెలుసు. 1961లో కేంద్ర సంగీత నాటక అకాడమీ అవార్డు, 1970లో పద్మశ్రీ వచ్చాయి. 2012లో ఆయన కన్నుమూశారు. ఆ ఏడాదే వెంపటి చినసత్యం కూడా వెళ్లిపోయారు.

చినసత్యం పేరు వచ్చింది కనుక మేళం కాని రెండో దారి గురించి కూడా చెప్పాలి. వేదాంతం లక్ష్మీనారాయణశాస్త్రి ఏకపాత్ర నాట్యాన్ని తీర్చిదిద్ది స్త్రీలకు నేర్పారు. ఊరివాళ్లు కొందరు మద్రాసు సినిమాల్లోకి వెళ్లారు. 1953 నాటి దేవదాసు దర్శకుడు వేదాంతం రాఘవయ్య ఈ ఊరి విద్య నేర్చినవాడే. చినసత్యం 1963లో మద్రాసులో కూచిపూడి ఆర్ట్ అకాడమీ పెట్టి నృత్యనాటకాలకు కొత్త మెరుగు దిద్దారు. కూచిపూడి ప్రపంచమంతా పాకింది ఈ దారిలోనే. ఈ దారే ఒక న్యాయం కూడా చేసింది. మేళం స్త్రీ వేషాన్ని మగవాళ్ల చేతుల్లోనే, అదీ కొన్ని బ్రాహ్మణ కుటుంబాల చేతుల్లోనే పెట్టింది. గోదావరి సీమలో కళావంతుల స్త్రీలు భామాకలాపాన్ని అద్భుతంగా ఆడుతున్నా వాళ్లకు దక్కాల్సిన గౌరవం దక్కలేదు. ఆ గోడ కూలడం మంచిదే. స్త్రీలు సత్యభామ కట్టడం వల్ల కళకు నష్టం జరిగిందని ఎవరైనా అంటే నేను ఒప్పుకోను.

నష్టం జరిగింది మరోచోట. వేదిక మీద నర్తకి పెదవులు కదుపుతుంది, పాట మాత్రం పక్కన కూర్చున్నవాళ్లది, లేదా రికార్డుది. రికార్డు పాటలో ముక్కెర బేరం పొడిగించలేం, జనం నవ్వినప్పుడు ఆగలేం. గొంతు పాత్రధారిదే అయినప్పుడు ఆటలో ప్రమాదం ఉంటుంది. శ్రుతి జారవచ్చు, మాట తడబడవచ్చు. జనాన్ని కళ్లార్పకుండా కూర్చోబెట్టేది ఆ ప్రమాదమే. వాచికం తీసేస్తే మిగిలేది చక్కని నృత్యం, కానీ దాన్ని మేళం అనలేం.

కూచిపూడిలో తెలుగు విశ్వవిద్యాలయం వారి సిద్ధేంద్రయోగి కళాపీఠం ఉంది. చింతా, పసుమర్తి, వేదాంతం కుటుంబాల్లో యక్షగానం తెలిసినవాళ్లు ఇంకా ఉన్నారు. వాళ్లకు కావాల్సింది సన్మానపు శాలువా కన్నా వేదిక మీద సమయం. ఉత్సవాల్లో భామాకలాపానికి గంటో గంటన్నరో ఇస్తారు. ప్రవేశదరువు, జడ, ఒకటి రెండు జతులు అందులో ఇముడుతాయి. కృష్ణుడికి సత్యభామ రాసే లేఖను, మాధవితో వాదాన్ని ముందుగా కత్తిరిస్తారు. నిర్వాహకులు ఏడాదికి ఒక్క రాత్రైనా పూర్తి ఆటకు ఇవ్వాలి. పామర్రు, మొవ్వ, పామిడిముక్కల పల్లెల్లో చాపలు పరిచి, రికార్డు లేకుండా, గాయకుడు, నటుడు, మృదంగం ఒకరినొకరు చూసుకుంటూ ఆడే వీలు కల్పించాలి. ఆ రాత్రి మాధవి వేషానికి ఒక కుర్రవాడినో అమ్మాయినో పెద్దల పక్కన నిలబెట్టాలి. ఆ పాత్ర నేర్పడానికి వేరే దారి లేదు.