తుఫానును ఆపిన తలనూనె

1896లో కలకత్తాలో తలనూనె అమ్మే ఒక వ్యాపారి కథల పోటీ పెట్టాడు. ఆయన హేమేంద్రమోహన్ బోస్, నూనె పేరు కుంతలీన్. షరతు ఏమిటంటే కథలో నూనె ఊసు రావాలి, చదివినవాడికి మాత్రం అది ప్రకటనలా అనిపించకూడదు. ఆ ఏడు బహుమతి కొట్టిన కథలో కలకత్తా మీద పడాల్సిన తుఫాను ఉన్నట్టుండి మాయమైపోతుంది. ఓడ మీదున్న ఒక మనిషి సీసాడు కుంతలీన్ సముద్రంలో ఒంపాడని చివర్లో తెలుస్తుంది. నూనె పొర అలల్ని అణుస్తుందన్న భౌతికశాస్త్రం మీద అల్లిన కథ అది. రాసింది జగదీశ్ చంద్ర బోస్. 1903లో అదే బహుమతి ‘మందిర్’ అనే కథకు దక్కింది. బంధువు పేరు పెట్టి దాన్ని పంపిన కుర్రాడు ఆ తర్వాత తెలుగు ఇళ్లలో కూడా చదివే నవలాకారుడు శరత్ బాబు అయ్యాడు.

చిన్న వ్యాపారానికి సోషల్ మీడియాలో ఏం పెట్టాలో నేర్పుతామని ఫీజులు కట్టించుకునేవాళ్లు ఈ సంగతి చెప్పరు. నేను పోస్టు రాయడానికి కూర్చున్నప్పుడు మాత్రం ముందుగా ఆ షరతే గుర్తొస్తుంది. లిలువాలో చుట్టుపక్కల దుకాణాలకు వాట్సాప్ స్టేటస్‌లు, ఫేస్‌బుక్ పోస్టులు, రీల్స్ రాసిపెట్టడం నాకో వ్యాపకం. కొన్ని డబ్బుకు, కొన్ని పచ్చడికి.

ఊరి సంగతి కొంచెం చెప్పాలి. హౌరాలో మెయిన్ లైన్ లోకల్ ఎక్కితే మొదట వచ్చే స్టేషన్ ఇదే. 1900లో ఈస్టిండియన్ రైల్వే పెట్టిన క్యారేజ్, వ్యాగన్ వర్క్‌షాపు ఇప్పటికీ ఉంది. చుట్టూ ఫౌండ్రీలు, లేత్ షెడ్లు. బెంగాల్ నాగ్‌పూర్ రైల్వే వాల్తేరు దాకా వెళ్లింది కాబట్టి ఖరగ్‌పూర్ నిండా మనవాళ్లే. లిలువాది వేరే కంపెనీ, ఇక్కడ మనం పలచన. అంచేత ఇక్కడ ఆవకాయ అమ్ముకోవాలంటే బెంగాలీలు, బిహారీలు, మార్వాడీలు కొనాలి.

మా వీధి చివర శ్రీకాకుళం వైపు నుంచి వచ్చిన ఒక అక్క పచ్చళ్లు, పొడులు చేసి అమ్ముతుంది. వాళ్లబ్బాయి ఫోన్లో ఏదో యాప్ పట్టుకుని పోస్టరు చేశాడు. ఊదారంగు మీద బంగారు అక్షరాలు, నాలుగు మూలలా పువ్వులు, మధ్యలో ‘అసలైన ఆంధ్ర రుచి’. ఆవిడ నాకు చూపించి, “ఏటి బాబూ ఇది? పచ్చడి అమ్ముతున్నాడా, పెళ్లికి పిలుస్తున్నాడా?” అంది. నేను చెప్పాల్సిన విమర్శంతా ఆవిడే చెప్పేసింది.

గుమ్మంలోకి వచ్చినవాళ్లు ఏమేం అడుగుతారు అని అడిగాను. ఆపకుండా చెప్పుకుపోయింది. బెంగాలీవాళ్ల మొదటి ప్రశ్న “ఖూబ్ ఝాల్?” కారం బాగా ఎక్కువా అని. రెండోది, ఏ నూనె? ఇక్కడ ఊరగాయంటే ఆవనూనె. మార్వాడీ ఇళ్ల నుంచి వచ్చేవాళ్లు వెల్లుల్లి ఉందా లేదా తేల్చుకోనిదే సీసా ముట్టరు. ఎన్నాళ్లు నిలవుంటుంది, దేంతో తినాలి, పావుకిలో ఇస్తారా, ఉత్తరపాడా దాకా పంపుతారా. కాగితం మీద రాసుకుంటే అదే నెలకు సరిపడా కంటెంటు. ఒక్కో ప్రశ్నకు ఒక్కో పోస్టు. ప్రశ్న వాళ్ల నోట్లోంచి వచ్చినట్టే, జవాబు ఆవిడ నోట్లోంచి వచ్చినట్టే రాస్తే చాలు, నా సాహిత్యం అక్కర్లేదు.

నూనె పోస్టు మీద మాత్రం కొంచెం కూర్చున్నాం. “నువ్వుల నూనె వేస్తాం, ఆవాలు పొడి కొట్టి కలుపుతాం. మీ కాసుందిలో ముక్కుకెక్కే ఘాటు ఉంది చూశారా, అదే ఇందులోనూ ఉంటుంది.” బెంగాలీలో ఈ నాలుగు ముక్కలే. కాసుంది, అంటే బెంగాలీల ఆవపచ్చడి, తిని పెరిగినవాడికి ఆవకాయ అప్పటికే సగం తెలిసినట్టు. ‘అసలైన’ అనే మాట వాళ్లకు ఏమీ చెప్పదు. అసలుకీ నకలుకీ తేడా తెలియాలంటే ముందు ఒకటైనా తిని ఉండాలి కదా. పైన బెంగాలీ, కింద హిందీ, ఖరగ్‌పూర్ చుట్టాల కోసం చివర తెలుగు. ఆవిడ గొంతుతో వాయిస్ పెడితే ఇంకా మంచిది. శ్రీకాకుళం యాస దొర్లే ఆవిడ బెంగాలీ ఇక్కడ అందరికీ ముద్దు.

రీల్ కూడా చేశాం. టెంకతో సహా మామిడికాయ కొట్టడం, చప్పుడుతో. బెంగాలీ వంటిళ్లలో ‘బొంటి’ అనే కత్తిపీట ఉంటుంది, కానీ వాళ్లకు టెంక కొట్టే పని అంతగా ఉండదు. జనం విడ్డూరంగా చూశారు, తెగ పంచుకున్నారు. సీసాలు కొన్నది మాత్రం ఎక్కువగా నూనె పోస్టు, వెల్లుల్లి పోస్టు చదివినవాళ్లే. చూపులు వేరు, బేరం వేరు. రీల్స్ వద్దనను, ఊరికి మనం ఉన్నామని తెలియాలి. ఆ చూపుల లెక్క చూసి మురిసిపోవడం వద్దంటాను.

ఫోటో విషయంలో నాకు పట్టుదల ఎక్కువ. ట్యూబులైటు కింద తీస్తే ఆవకాయ నల్లగా వస్తుంది. ఫిల్టరు వేస్తే కుంకుమలా వస్తుంది, మూత తీసిన కొనుగోలుదారు మోసమనుకుంటాడు. పొద్దున కిటికీ పక్కన పెట్టి తీయాలి. సీసా మీద ఆహార భద్రతా సంస్థ ఇచ్చిన పద్నాలుగు అంకెల నంబరు కనపడాలి. ఇంట్లో చేసి అమ్మినా ఆ రిజిస్ట్రేషన్ తప్పదు.

ఫౌండ్రీ వాళ్లకు ఈ లెక్క వర్తించదు. కొనేవాడికి గ్రేడు, బరువు, డెలివరీ తేదీ కావాలి. ఎర్రగా పారే ఇనుము వీడియో వాడికెందుకు? పైగా అందులో ప్రమాదం ఉంది. 2007లో న్యూయార్క్ టైమ్స్ హౌరాలోని ఒక ఫౌండ్రీ మీద రాసింది. న్యూయార్క్ వీధుల్లో మ్యాన్‌హోల్ మూతలు ఇక్కడ పోతపోసినవని ఆ కథనం. ఫోటోల్లో పనివాళ్ల కాళ్లకు చెప్పుల్లేవు, ఒంటి మీద చొక్కా లేదు. ఆ మూతలు కొనే కాన్ ఎడిసన్ సంస్థ కాంట్రాక్టుల్లో భద్రతా షరతులు చేరుస్తామంది. విశ్వకర్మ పూజకు షెడ్డు వీడియో తీస్తానన్న ఒక యజమానికి ఇదే చెప్పాను, కుర్రాళ్లకు ముందు బూట్లు కొనమని. విసుక్కున్నాడు.

ఇంకో జాగ్రత్త. 2020 జూన్ 29న టిక్‌టాక్‌ను నిషేధించారు. అక్కడే దుకాణం పెట్టుకున్నవాళ్లకు రాత్రికి రాత్రి చూసేవాళ్లు లేకుండా పోయారు. కొన్నవాళ్ల ఫోన్ నంబర్లు ఒక పుస్తకంలో రాసి పెట్టుకోండి. వాట్సాప్ బ్రాడ్‌కాస్ట్ అవతలివాళ్లు మన నంబరు సేవ్ చేసుకుంటేనే వాళ్లకు చేరుతుంది, కాబట్టి సీసాతో పాటు ఆ మాట కూడా చెప్పి పంపాలి.

పండగ శుభాకాంక్షల బొమ్మలు చాలామంది చేసే వృథా పని. దుకాణం పేరు వేసి, దీపం బొమ్మ పెట్టి పంపుతారు, ఎవరూ చదవరు. బెంగాలీ వర్తకులకు ఇంతకంటే మంచి ఆచారం ఉంది. ఏప్రిల్ మధ్యలో పొయిలా బొయిశాఖ్ నాడు హాల్‌ఖాతా, అంటే కొత్త పద్దు తెరుస్తారు. ఖాతాదారుల్ని పిలుస్తారు, వాళ్లు పాత బాకీ తీరుస్తారు, మిఠాయి పొట్లం, కేలెండరు పట్టుకెళ్తారు. చేతిలో ఏదో ఒకటి పెట్టి పంపడం మనవాళ్లకూ కొత్త కాదు. కాశీనాథుని నాగేశ్వరరావు పంతులు గారు యువకుడిగా కలకత్తాలో మందుల వ్యాపారం నేర్చుకుని, 1893లో బొంబాయిలో అమృతాంజనం పెట్టాక సంగీత కచేరీల్లో దాన్ని ఊరికే పంచారు. నుదుటికి రాసుకున్నవాడికి ప్రకటన అక్కర్లేదు. అక్క కూడా పోయిన హాల్‌ఖాతాకు చెంచాడు ఆవకాయ చిన్న డబ్బాల్లో పెట్టి నాలుగు ఇళ్లకు పంపింది. ఆ సమయానికే మామిడికాయ దిగుతుంది, ఆర్డర్లు రాసుకునేదీ అప్పుడే. శుభాకాంక్షల బొమ్మ పెట్టలేదు.

చిన్న వ్యాపారం చేసే తెలుగువాళ్లకు, అది లిలువాలో అయినా తెనాలిలో అయినా, నాదొక మనవి. ‘ధర కోసం మెసేజ్ చేయండి’ అని రాయడం మానండి. అడగడానికి మొహమాటపడి వెళ్లిపోయేవాళ్లే ఎక్కువ. పావుకిలో ఎంత, అరకిలో ఎంత, పంపే ఖర్చు ఎవరిదో మొదటి వాక్యంలోనే రాయండి.