జనములేని గ్రామము: ఒక వీడియో క్రీడ

కేసముద్రం వ్యవసాయ మార్కెటులో క్రయవిక్రయములు ముగిసి జనము వెళ్ళిపోయిన తర్వాత, నేలపై మొక్కజొన్న గింజలు రాలియుండును. ఆనాడు ఏ సరుకు వచ్చినదో వాటినిబట్టి చెప్పవచ్చును. ధర యెంత పలికినదో చెప్పజాలము. ఇట్లు మిగిలిన ఆనవాళ్ళనుండి జరిగినదానిని గ్రహించుటయే ‘ఎవ్రిబడీస్ గాన్ టు ది రాప్చర్’ అను వీడియో క్రీడకు ప్రాణము.

బ్రిటన్‌లోని ‘ది చైనీస్ రూమ్’ సంస్థ నిర్మించిన ఈ క్రీడ 2015లో వెలువడినది. కథాకాలము 1984, స్థలము ఇంగ్లండులోని ష్రాప్‌షైర్ ప్రాంతమున యాటన్ అను కల్పిత గ్రామము. ఆటగాడు తన కన్నులతో చూచుచున్నట్లే నిర్జనమైన వీధులలో నడచును. పోరాటము లేదు. టెలిఫోనులు మ్రోగును, కాంతిరేఖలు మనుష్యాకృతి దాల్చి వెనుకటి సంభాషణలను వినిపించును. వేధశాలలో పనిచేయు శాస్త్రజ్ఞులు కేట్, స్టీఫెన్ దంపతులు కనుగొన్న వింత కాంతియే ఈ ప్రళయమునకు మూలము. స్టీఫెన్ దానిని అంటురోగమువలె ఎంచి ఊరిని దిగ్బంధింపజూచును. కేట్ దానితో సంభాషింపగోరును.

జెస్సికా కర్రీ కూర్చిన సంగీతమునకు 2016లో బాఫ్టా బహుమతి లభించినది. ఆ గౌరవము తగినదే. అయితే క్రీడలో లోపమొకటి కలదు. ఆటగాడు వినుటయేగాని పరీక్షించుటకు వీలులేదు. ఇద్దరిలో ఎవరి ఊహ సరియైనదో తేల్చు ప్రయోగ మొక్కటియు లేదు. కడకు కేట్ మాటయే తీర్పుగా మిగులును. సాక్ష్యము వేరు, నిరూపణ వేరు. గింజలు సరుకును తెలుపును, ధరను తెలుపవు. ప్రతి దృశ్యమువద్దను “ఇది నీకెట్లు తెలిసినది?” అని ఉపాధ్యాయుడు విద్యార్థిని అడిగినచో, ఈ లోపమే మంచి పాఠమగును.