రాయి ఎక్కాక కుదిరిన నడక

కొత్త బండి ఇంటికొస్తే ఎవరైనా ముందు రంగు చూస్తారు, తర్వాత తలుపు తీసి సీట్లు చూస్తారు. మా బాబాయి మాత్రం నా పికప్ గుమ్మం ముందు ఆగీ ఆగకముందే పంచె ఎగ్గట్టి, వెనక చక్రం పక్కన గొంతుక్కూర్చుని కిందకి తొంగిచూశాడు. చెయ్యి లోపలికి పోనిచ్చి ఏదో తడిమాడు.

“కమాను కట్టలే పెట్టాడ్రా!” అన్నాడు. ఆ గొంతులో పాత స్నేహితుణ్ణి గుర్తుపట్టిన సంతోషం ఉంది.

విజయవాడ ఆటోనగర్‌లో ముప్ఫై ఏళ్ళకు పైగా లారీ కమాన్ల పని చేసిన మనిషి ఆయన. బరువు మోసి మోసి వంపు చచ్చిపోయిన పట్టీలను కొలిమిలో ఎర్రగా కాల్చి, సుత్తి దెబ్బలతో మళ్ళీ వంపు తెప్పించడం ఆయన చేతి విద్య. చిన్నప్పుడు సెలవుల్లో ఆ షెడ్డులో కూర్చుని నేను చూసిన ఇనుము అంతా ఆయన చూపుతోనే చూశాను. అందుకే నా మొదటి దూరప్రయాణం గురించి రాయబోతే ఇంజను కన్నా, తెర కన్నా, నాలుగు చక్రాల బలం కన్నా ముందు ఆ కమాను కట్టలే కళ్ళ ముందుకొస్తున్నాయి.

బండి ఇసుజు డి-మ్యాక్స్ వి-క్రాస్. కంపెనీ జపాన్‌ది. ఇసె పుణ్యక్షేత్రం పక్కన పారే ఇసుజు నది పేరే దానికి పెట్టుకున్నారు. నా బండి పుట్టింది మాత్రం మన శ్రీసిటీలో. 2016 ఏప్రిల్‌లో అక్కడ కర్మాగారం మొదలైంది, ఆ మే నెలలోనే వి-క్రాస్ అమ్మకానికి వచ్చింది. అప్పటిదాకా మన ఊళ్ళలో పికప్ అంటే కూరగాయల బుట్టలూ సిమెంటు బస్తాలూ మోసే బండి. సొంత కారులాగా తెల్ల నంబరు పలకతో, అయిదుగురు కూర్చునే క్యాబిన్‌తో, వెనక తొట్టితో, నాలుగు చక్రాలూ లాగే ఏర్పాటుతో ఇంటి మనిషి కొనుక్కునే పికప్ అప్పటికి అరుదు.

నాయుడుపేటలో అక్క ఇల్లు కట్టుకుంటోంది. వంటగట్టుకు ఒంగోలులో గ్రానైటు మాట్లాడింది. “నీ బండి ఉందిగా, తెచ్చిపెట్టరా” అంది. దారి దానంతట అదే కుదిరింది. విజయవాడ నుంచి ఒంగోలు దాకా దాదాపు 145 కిలోమీటర్లు ఖాళీ తొట్టితో, అక్కణ్ణుంచి నాయుడుపేట దాకా 190కి కాస్త అటూ ఇటూ రాతి బరువుతో. పొద్దంతా 16వ నంబరు జాతీయ రహదారి మీదే. బయలుదేరేముందు బాబాయి ఒకటే మాట చెప్పాడు: “ఖాళీ బండికి మోత ఎక్కువ. ఒంగోలు దాకా దాన్నేమీ అనకు. రాయి ఎక్కాక మాట్లాడు.”

తెల్లవారుజామున అయిదింటికి వారధి దాటాను. కాజ టోల్ దగ్గరికొచ్చేసరికే బాబాయి మాట అర్థమవడం మొదలైంది. ముందు భాగం నెమ్మదైన మనిషి. వంతెన అతుకు వచ్చినా, తారు మీద మాసిక వచ్చినా మెత్తగా దిగి మెత్తగా లేస్తుంది. ముందు చక్రాలు రెండూ దేనికది విడిగా, పైనొకటి కిందొకటి చేతులు పట్టుకున్నట్టుండే ఏర్పాటు మీద, చుట్ట స్ప్రింగులతో కదులుతాయి. వెనక భాగం అలా కాదు. అదే అతుకు మీద టకటకమని రెండు దరువులు వేసి, ఆ కబురు నేరుగా నడుముకు చేరవేస్తుంది.

కారణం తెలిస్తే ఆ దరువు మీద కోపం రాదు. వెనక చక్రాలు రెండూ ఒకే ఇరుసుకు ఉంటాయి. ఆ ఇరుసుకూ ఛాసిస్‌కూ మధ్య పక్కకొకటిగా రెండు కమాను కట్టలు. పైన పొడవాటి పట్టీ, దాని రెండు చివరలూ గుండ్రంగా చుట్టి లోపల రబ్బరు బుష్షులు. దాని కింద ఒకదానికన్నా ఒకటి పొట్టిగా మిగతా పట్టీలు. అన్నిటినీ నడుమ ఒక బోల్టు గుచ్చి, యు బోల్టులతో ఇరుసుకు బిగిస్తారు. ముందు చివర ఛాసిస్‌కు స్థిరంగా ఉంటుంది. వెనక చివర మాత్రం షాకిల్ అనే చిన్న ఊయల మీద వేలాడుతుంది. బరువు పడి వంపు తగ్గితే పట్టీ రెండు చివరల మధ్య దూరం పెరుగుతుంది కదా, ఆ పెరుగుదలకు చోటివ్వడానికే ఆ ఊయల. చుట్ట స్ప్రింగు బరువు మోస్తుంది, అంతే. ఇరుసును నిలబెట్టడానికి వేరే కడ్డీలు కావాలి. కమాను కట్ట బరువూ మోస్తుంది, ఇరుసు ముందుకూ వెనక్కూ పక్కకూ జరగకుండానూ పట్టుకుంటుంది, చక్రాలు తోసే తోపును ఛాసిస్‌కు అందిస్తుంది, పట్టీకీ పట్టీకీ మధ్య రాపిడితో ఊపును కొంత అణుస్తుంది కూడా. ఇన్ని పనులు చేసే ఇనుప ముక్క బండి మొత్తంలో ఇంకోటి లేదు. ఎడ్లబండ్లూ గుర్రపుబగ్గీలూ తిరిగిన కాలపు ఆలోచన ఇది. దీన్ని ఇంకా వదలకపోవడం పాతకాలపు మంకుతనం అనేవాళ్ళున్నారు. నేనొప్పుకోను. బరువు మోసే బండికి ఇంతకన్నా తక్కువ సామానుతో ఇంతకన్నా నమ్మకమైన ఏర్పాటు నాకు కనిపించలేదు.

చిక్కల్లా ఒక్కటే. రేపు ఎక్కబోయే బరువు కోసం ఈ పట్టీలు ఈ రోజే గట్టిగా ఉండాలి. పైన బరువు లేనప్పుడు ఆ గట్టిదనానికి పనిలేదు. గట్టి స్ప్రింగు మీద తేలికైన బరువు వేగంగా ఊగుతుంది, అదే స్ప్రింగు మీద బరువైనది నిదానంగా ఊగుతుంది. ఖాళీ తొట్టి టకటకలాడటం అందుకే.

చిలకలూరిపేట దాటాను. ఇంజను సంగతి ఇక్కడ రెండు మాటల్లో చెప్పేస్తాను. 1.9 లీటర్ల డీజిలు, 163 గుర్రాల బలం. లాగే శక్తి 360 న్యూటన్ మీటర్లు, అదీ 2000, 2500 చుట్ల మధ్యనే పూర్తిగా దొరుకుతుంది. ఆరో గేరులో గంటకు 90 మీద పోతుంటే ముల్లు 2000 లోపే నిలిచింది. గొంతు మాత్రం బరువు బళ్ళ గొంతే. లారీని దాటేటప్పుడు కాలు నొక్కితే ఒక క్షణం ఆలోచించి, తర్వాత ఒకే పట్టుతో లాగుతుంది. కారులాగా ఎగిరిపడదు. నాకు ఆ నిదానం నచ్చింది.

కొరిశపాడు దగ్గర ఈ రహదారిలోనే ఒక ముక్కను యుద్ధ విమానాలు అత్యవసరంగా దిగడానికి రన్‌వేగా కట్టారు. 2024 మార్చిలో వైమానిక దళం విమానాలు దాని మీద దిగి చూశాయి. నాలుగు కిలోమీటర్ల పొడవున వంపూ లేదు, మెరకపల్లాలూ లేవు. బండిని వినడానికి ఇంతకన్నా మంచి చోటు దొరకదు. రేడియో ఆపేసి అద్దాలు ఎక్కించాను. వెనక దరువు ఆగిపోయింది. టైర్ల రొద, అద్దాల చెవుల దగ్గర గాలి, అడుగున ఇంజను సన్నటి గురగుర, మిగిలినవివే. ముందు ఇరుసుకీ వెనక ఇరుసుకీ మధ్య 3,095 మిల్లీమీటర్ల దూరం ఉంది. ఆ పొడవు వల్ల బండి తల ఆడించదు, తీసిన గీతలా పోతుంది. స్టీరింగు కొంచెం బరువే. కానీ రోడ్డు ఎక్కడ గరుకో ఎక్కడ నునుపో అరచేతికి తెలుస్తూనే ఉంది.

మార్టూరు, మేదరమెట్ల పరిసరాల్లో గ్రానైటు దిమ్మెల లారీలు ఎదురవుతూ ఉంటాయి. ఒకదాని వెనక కాసేపు కావాలనే నడిపాను. తొట్టిలో ఒకే ఒక్క బండ, ఇనుప గొలుసులతో కట్టి ఉంది. దాని కింద కమాన్లు వంపంతా పోయి బల్లపరుపు అయ్యాయి. అంత బరువూ గతుకులో పడితే ఒక నిట్టూర్పులా దిగి, నిట్టూర్పులా లేచింది. నా ఖాళీ తొట్టి మాత్రం అదే గతుకు మీద ఎగిరింది.

ఒంగోలులో రాళ్ళ దుకాణం ముందు ఆపి దిగితే ఒక చిన్న వింత. ముందురోజు రాత్రి మా ఇంటి వేపచెట్టు తొట్టిలో రాల్చిన ఆకులు చాలామటుకు అక్కడే ఉన్నాయి. మూత లేని తొట్టి, గంటకు 90 వేగం, అయినా ఎగిరిపోలేదు. క్యాబిన్ మీంచి వచ్చే గాలి తొట్టిలోకి సూటిగా దిగదు. వెనక తలుపు వేసి ఉంటే తొట్టిలో గాలి తనలో తాను సుడి తిరుగుతూ ఉంటుంది, పై గాలి ఆ సుడి మీదుగా జారిపోతుంది. తలుపు దించి నడిపితే డీజిలు కలిసొస్తుందని చాలామంది నమ్మకం. నిజానికి ఆ తలుపు వేసి ఉంచడమే మేలు. గుండ్రంగా పోగుపడ్డ వేపాకులు ఆ మాటే చెప్పాయి.

అక్క ఎంచుకున్నది చీమకుర్తి రాయి, నల్లటి రాతిలో రాగిరంగు మెరుపు చుక్కలుండే గెలాక్సీ. మూడు పలకలు. రెండు సెంటీమీటర్ల మందాన చదరపు మీటరుకు దాదాపు 60 కిలోలు, మొత్తం 180 కిలోలు. బండి మోయొచ్చని కాగితాల్లో ఉన్న బరువుకు లోపే. ఎక్కించిన కుర్రాడి పనితనం కూడా చూడదగ్గది. పలకల్ని పడుకోబెట్టలేదు. పడుకోబెడితే గతుకుకు నడుమ విరుగుతాయి. క్యాబిన్ గోడకు దగ్గరగా చెక్క చట్రం పెట్టి, అంచు మీద నిలబెట్టి, కాస్త వాల్చి, మధ్యలో గోనెపట్టాలు వేసి, తొట్టి లోపలి కొక్కేలకు తాడు లాగి కట్టాడు.

“బరువు ఇరుసుకు ముందే ఉండాలన్నా. వెనక్కి జరిగితే ముందు చక్రం తేలిపోద్ది” అన్నాడు. ఇంజనీర్లు పుస్తకంలో రాసే మాట అది. ఆ పిల్లవాడు తాడు బిగిస్తూ చెప్పాడు.

ఎక్కించకముందు వెనక టైరుకీ పైనున్న రేకు వంపుకీ మధ్య సందు జానతో కొలిచి పెట్టుకున్నాను. ఎక్కించాక బొటనవేలి వెడల్పు తగ్గింది. అంతే.

ఆ బొటనవేలి వెడల్పులో బండి మారిపోయింది. టంగుటూరు టోల్ దాటకముందే తెలిసిపోయింది. పొద్దున నడుముకు తగిలిన అతుకులే ఇప్పుడు అరికాళ్ళకు తెలిసి ఆగిపోతున్నాయి. రెండు దరువుల చోట ఒకే మెత్తటి అడుగు. ముందూ వెనకా పొద్దున ఇద్దరు వేరువేరు మనుషులు, ఇప్పుడు ఒకే నడక. సింగరాయకొండ, కావలి, నెల్లూరు ఎలా వచ్చాయో తెలియలేదు. ఈ బండిని గీసినవాళ్ళు ఖాళీ తొట్టిని మనసులో పెట్టుకుని గీయలేదు. రాయి ఎక్కిన తొట్టిని ఊహించి, అక్కణ్ణుంచి వెనక్కి లెక్క వేసుకుంటూ వచ్చారు. షోరూము చుట్టూ రెండు కిలోమీటర్లు నడిపి చూసే కొనుగోలుదారుకు ఆ లెక్క కనబడదు. కనబడదని తెలిసీ దాన్ని మార్చకుండా ఉంచినవాళ్ళ మీద నాకు గౌరవం కలిగింది.

నెల్లూరు దాటాక టీ కోసం ఆగినప్పుడు ఒక పెద్దాయన బండి చుట్టూ తిరిగి, క్యాబిన్‌కీ తొట్టికీ మధ్యనున్న సందులో వేలు పెట్టి చూపించాడు. “ఇదేంటి బాబూ, సరిగ్గా అతకలేదా?” అని జాలిగా అడిగాడు. అది లోపం కాదండీ అని చెప్పాను. అడుగున ఛాసిస్ నిచ్చెన లాంటిది. రెండు నిలువు దూలాలు, వాటి మధ్య మెట్లలా అడ్డ దూలాలు. క్యాబిన్ వేరే, తొట్టి వేరే, రెండూ ఆ నిచ్చెన మీద విడివిడిగా కూర్చుంటాయి. ఒక చక్రం గుంటలో, ఇంకోటి మెరక మీద ఉన్నప్పుడు నిచ్చెన కొంచెం మెలితిరుగుతుంది. క్యాబిన్నూ తొట్టినీ కలిపేస్తే ఆ మెలికకు రేకు చిట్లుతుంది. ఆయన ఆ సందును మళ్ళీ ఒకసారి వేలితో కొలిచి, “ఊపిరాడ్డానికి వదిలారన్నమాట” అన్నాడు. నేనింత చెప్పింది ఆయన ఒక్క ముక్కలో చెప్పాడు.

అక్క ఇల్లు స్వర్ణముఖి ఒడ్డు వైపు, చివరి వీధి. ఆ వీధి ఇంకా వీధి కాలేదు, వదులు ఇసుక, ఇటుక ముక్కలు, వాన నీరు నిలిచిన రెండు గుంటలు. రోజంతా వెనక రెండు చక్రాలతోనే వచ్చాను. తారు రోడ్డు మీద నాలుగు చక్రాల బలం వాడకూడదు. మలుపులో ముందు చక్రాలూ వెనక చక్రాలూ వేరువేరు దూరాలు తిరగాలి, ఈ ఏర్పాటు వాటిని ఒకే లెక్కకు కట్టేస్తుంది. ఇసుకలోనైతే టైరు కొద్దిగా జారి ఆ తేడా సర్దుకుంటుంది. ఇక్కడ బండి పూర్తిగా ఆపి, మీటను నాలుగు చక్రాల చిన్న గేరుకు తిప్పాను. ఆ గేరుకు కొండలెక్కే పేరుంది. నాకు మాత్రం అక్కడ దాని నిదానం కావలసి వచ్చింది. క్లచ్ మీద కాలు పెట్టే పని లేకుండా, మనిషి నడక కన్నా మెల్లగా, గుంటలోకి ఒక్కో చక్రమే దిగి ఒక్కో చక్రమే లేచింది. అద్దంలో చూస్తూనే ఉన్నాను, పలకలు చట్రం మీంచి వెంట్రుకవాసి కదల్లేదు.

నలుగురు మేస్త్రీలు పలకలు దించుకున్నారు. అక్క ఒకదాని మీద చెంబుతో నీళ్ళు పోసి, రాగి చుక్కలు వెలగడం చూసి మురిసిపోయింది. నేను బాబాయిలాగే వెనక చక్రం పక్కన గొంతుక్కూర్చుని సెల్‌ఫోను లైటు వేశాను. సందు మళ్ళీ జానెడయింది. పట్టీల మీద షోరూములో చూసిన నల్లరంగు అలాగే ఉంది, ఒక్కచోట తప్ప. పొట్టి పట్టీ కొన పై పట్టీని ఒరుసుకునే దగ్గర, సన్నటి గీతలా రంగు పోయి, తెల్లటి ఉక్కు మెరుస్తోంది.

ఫొటో తీసి బాబాయికి పంపాను. అయిదు నిమిషాల్లో ఫోన్ చేశాడు.

“ఇప్పుడు మొదలెట్టింద్రా పని” అన్నాడు.