ఈగల లెక్కకు చాలినంత దీవి

స్టాక్‌హోమ్‌కు తూర్పున బాల్టిక్ సముద్రంలో చెదిరిపడిన వేల దీవుల్లో రూన్మారో ఒకటి. విస్తీర్ణం 15 చదరపు కిలోమీటర్ల పైచిలుకు. అక్కడ కాపురముండే రచయిత ఫ్రెడ్రిక్ షోబెర్గ్ ఏళ్ల తరబడి సిర్ఫిడ్ ఈగల కోసమే వల పట్టుకు తిరిగి, 202 రకాలు లెక్క తేల్చాడు. 2004లో స్వీడిష్‌లో వచ్చిన ఆయన పుస్తకం ఈ పని చుట్టూ అల్లినదే.

సిర్ఫిడ్ ఈగ మన రైతుకు పరాయిది కాదు. మిత్రపురుగుల జాబితాలో అక్షింతల పురుగు పక్కనే ఉంటుంది. చాలా రకాల్లో దాని పిల్లపురుగు పేనుబంకను తిని పెరుగుతుంది. రెక్కలొచ్చాక పసుపు, నలుపు పట్టీలతో కందిరీగ వేషం కడుతుంది. వేషమే తప్ప ముల్లు లేదు, కుట్టదు. అనుమానముంటే రెక్కలు చూడాలి: కందిరీగకు రెండు జతలు, దీనికి ఒకటే.

వల ఊపడం ఎవరికైనా వస్తుంది, ఎక్కడ కాపు కాయాలో తెలియడమే అసలు విద్య. చలి పూర్తిగా వదలకముందే ఆ దీవిలో విల్లో చెట్లు పూస్తాయి. వేరే పువ్వులు దొరకని ఆ రోజుల్లో ఈగలు అక్కడికే రావాలి. పువ్వు మీద వాలిన ఈగపై వల మూసి, కొస పైకెత్తి పట్టుకుంటారు. చిక్కిన ఈగ కిందికి దిగదు, వెలుతురు వైపు ఎగబాకుతుంది. అప్పుడు లోపలికి సీసా దూర్చి మూత పెడతారు.

ఈ ఎగబాకే గుణం మీదే మరో స్వీడన్ వాడు, రెనే మలేజ్, ఒక ఉచ్చు కట్టాడు. తన యాత్రల్లో గుడారంలో దూరిన పురుగులు పై మూలకు చేరి, అక్కడి కంతలోంచి పోవడం చూశాడు. ఆ కంత దగ్గర సీసా ఉంటే? పలచని బట్టతో గుడారం, నడుమ అడ్డుతెర, పైకొసన పురుగులు పడే సీసా. దాన్ని 1934లో బర్మాలో కుట్టించాడు. నేటికీ ప్రపంచమంతటా అదే నమూనా, ఆయన పేరుతోనే.

ఉచ్చు నిద్రపోదు, కానీ ఏరుకోదు కూడా. 2003లో స్వీడన్ అంతటా ఈ గుడారాలు నిలబెట్టారు. మూడేళ్లలో పడ్డవి సుమారు 2 కోట్ల కీటకాలు. వాటిని విడదీయడం పదేళ్లు దాటినా తెమలలేదు. ఒక మనిషి, ఒక ఈగల కుటుంబం, ఒక దీవి అనే షోబెర్గ్ పద్ధతి నాకు అందుకే నచ్చుతుంది. మైదానంలో జాబితా ఎక్కడ ఆపాలో తెలియదు. దీవిలో ఒడ్డే ఆపుతుంది. కొత్తగా సముద్రం దాటి వచ్చిందేదో, మాయమైందేదో పట్టుకోవచ్చు. కానీ పట్టి సూదికి గుచ్చిన ప్రతి ఈగ కిందా చీటీ ఉండాలి: ఊరు, తేదీ, పట్టినవారి పేరు. చీటీ లేని ఈగ అలంకారానికే. కొన్ని రకాలైతే మగ ఈగ జననాంగాలను సూక్ష్మదర్శినిలో చూస్తేగాని తేలవు.

నోబెల్ కవి టొమాస్ ట్రాన్‌స్ట్రోమర్ చిన్నతనపు వేసవులు గడిచిందీ రూన్మారోలోనే. ఆయనా పురుగులు పోగేసినవాడే. ఆయన పేరుతో ఒక పెంకుపురుగే ఉంది.

మన పొలాల్లోనూ దీపపు ఎరలున్నాయి, పసుపు జిగురు అట్టలున్నాయి. వాటిలో మనం చూసేది పంటకు కీడు చేసే పురుగు ఎంత పెరిగిందో మాత్రమే. అదే అట్టకు అంటుకున్న సిర్ఫిడ్ ఈగ ఏ రకమో, ఏ ఊళ్లో ఏ నెలలో పడిందో రాసి పెట్టడానికి ఖర్చేమీ లేదు, ఒక నోటుబుక్కు తప్ప.