అనునాద వర్ణపటములను చదువుట ఎట్లు? - బోధనా విధానముపై ఒక విమర్శ

రసాయన శాస్త్రమునకు మూలమైన ప్రశ్న ఒకటి కలదు: ఈ పదార్థము ఏది? పూర్వము మరిగించియు, స్ఫటికములు కట్టించియు, ఇతర ద్రవ్యములతో కలిపి రంగు చూచియు దీనికి సమాధానము వెదకెడివారు. 1946లో అమెరికాలో ఫెలిక్స్ బ్లాఖ్, ఎడ్వర్డ్ పర్సెల్ అను భౌతిక శాస్త్రజ్ఞులు వేర్వేరుగా కనుగొనిన కేంద్రక అయస్కాంత అనునాదము ఈ ప్రశ్నకు క్రొత్త త్రోవ చూపినది. ఇందులకు వారిరువురకును 1952లో నోబెల్ బహుమానము లభించినది. విద్యార్థులు ఎన్.ఎమ్.ఆర్. అని పిలుచు ఈ పద్ధతి నేడు డిగ్రీ తరగతులలో పాఠ్యభాగము. ఆసుపత్రులలోని ఎమ్.ఆర్.ఐ. యంత్రము పనిచేయుటకును ఇదియే ఆధారము.

దీని సూత్రము కఠినమైనది కాదు. హైడ్రోజను పరమాణువు యొక్క కేంద్రకమైన ప్రోటాను ఒక చిన్న అయస్కాంతము వంటిది. బలమైన అయస్కాంత క్షేత్రములో అది రెండు స్థితులలో ఒకదానియందుండును. ఆ రెండింటి శక్తిభేదమునకు సరిపడు రేడియో తరంగము తగిలినపుడు క్రింది స్థితి నుండి పై స్థితికి పోవును. ఇదియే అనునాదము. చుట్టునున్న ఎలక్ట్రానులు ప్రోటానునకు గొడుగు పట్టినట్లు బయటి క్షేత్రమును కొంత అడ్డుకొనును. ఆక్సిజను, బ్రోమీను వంటివి ప్రక్కనున్నచో ఆ ఎలక్ట్రానులను తమవైపు లాగుకొనును, గొడుగు పలుచనగును. కావున ఒకే అణువులోని హైడ్రోజనులు తమ ఇరుగుపొరుగులను బట్టి వేర్వేరు స్థానములలో సంకేతములిచ్చును.

1951లో స్టాన్‌ఫర్డు విశ్వవిద్యాలయమున ఆర్నాల్డు, ధర్మట్టి, పాకర్డు అను మువ్వురు ఇథైల్ ఆల్కహాలు వర్ణపటమును ప్రకటించిరి. అందు మూడు శిఖరములు కనబడెను. వాని వైశాల్యములు 1:2:3 నిష్పత్తిలో నుండెను. హైడ్రాక్సిల్ సమూహములో ఒకటి, మిథిలీన్‌లో రెండు, మిథైల్‌లో మూడు హైడ్రోజనులున్న అణువు తన నిర్మాణమును తానే చెప్పుకొనినట్లయ్యెను. ఆ మువ్వురిలో ధర్మట్టి భారతీయుడు. తరువాత ఆయన బొంబాయిలోని టాటా పరిశోధన సంస్థలో ఈ శాఖను నెలకొల్పెను.

పాఠ్యప్రణాళికలోని ఏడు ఉదాహరణలు

ఏలూరులో సర్ సి.ఆర్. రెడ్డి కళాశాల 1945 నుండి ఉన్నది. తాడేపల్లిగూడెములో 2015లో జాతీయ సాంకేతిక విద్యాసంస్థ ఏర్పడినది. కొల్లేటి లంకల నుండియు మెట్ట గ్రామముల నుండియు పిల్లలు ఈ పట్టణములకు వచ్చి విజ్ఞాన శాస్త్రములు చదువుచున్నారు. ఈ విమర్శ ఏ ఒక్క సంస్థను గూర్చినదియు కాదు. పాఠ్యప్రణాళికయు పరీక్షయు కలిసి రాష్ట్రమంతట పెంచిన ఒక అలవాటును గూర్చినది.

ఆంధ్రప్రదేశ్ డిగ్రీ పాఠ్యప్రణాళికలో ఎన్.ఎమ్.ఆర్. భాగమునకు ఏడు ఉదాహరణలు చాలకాలముగా వచ్చుచున్నవి: ఇథైల్ బ్రోమైడు, ఇథైల్ ఆల్కహాలు, ఎసిటాల్డిహైడు, 1,1,2-ట్రైబ్రోమోఈథేను, ఇథైల్ ఎసిటేటు, టోలీను, ఎసిటోఫీనోను. ఈ ఏరిక మంచిదే. ప్రతి పదార్థమును ఒక్కొక్క పాఠము చెప్పును. ఇథైల్ బ్రోమైడు ఇరుగుపొరుగుల వలన కలుగు చీలికను చూపును. ఆల్కహాలు తన హైడ్రాక్సిల్ ప్రోటాను ఒక అణువు నుండి మరియొక అణువునకు మారుచుండునని తెలుపును. ఎసిటాల్డిహైడులోని ఆల్డిహైడు ప్రోటాను 9.8 సమీపమున, చాల దూరముగా కనబడును. టోలీను బెంజీను వలయపు ప్రోటానుల చోటు 7.2 అని నేర్పును. ఎసిటోఫీనోనులో కార్బొనైల్ ప్రక్కనున్న మిథైల్ 2.6 వద్ద చీలిక లేక నిలుచును.

లోపము ఏరికలో లేదు. ఏడు ఉదాహరణలు ఏడు జవాబులుగా మారుటలో నున్నది. పరీక్షలో ఈ ఏడింటిలో ఒకదానిని అడుగుదురని విద్యార్థి ఎరుగును. శిఖరముల బొమ్మయు, అంకెలును కంఠస్థము చేసి వ్రాయును. పదార్థము పేరు ముందే ప్రశ్నలో ఉండును. దానికి వర్ణపటమును గీయుటయే పని. శాస్త్రజ్ఞుడు చేయు పని ఇందుకు సరిగా వ్యతిరేకము. అతని ముందు వర్ణపటముండును, పేరు ఉండదు.

ఈ అలవాటు ఎంత హాని చేయునో ఒక చిన్న పరీక్షతో తెలియును. నాలుగు కార్బనులు, ఎనిమిది హైడ్రోజనులు, రెండు ఆక్సిజనులు గల పదార్థపు వర్ణపటమును పేరు చెప్పకుండ ఇయ్యవలెను. అందు చీలని శిఖరమొకటి, నాలుగుగా చీలినది ఒకటి, మూడుగా చీలినది ఒకటి; వైశాల్యములు వరుసగా 3:2:3. కంఠస్థము చేసినవాడు వెంటనే "ఇథైల్ ఎసిటేటు" అని వ్రాయును. చీలని శిఖరము 2.0 వద్దను, నాలుగు చీలికలది 4.1 వద్దను ఉన్నచో అది నిజమే. కాని చీలనిది 3.7 వద్దను, నాలుగు చీలికలది 2.3 వద్దను ఉన్నచో ఆ పదార్థము మిథైల్ ప్రొపనోయేటు. రెండింటి అణుసూత్రము ఒకటే, చీలికలును ఒకటే. ఆక్సిజనును అంటియున్నది మిథైలా, మిథిలీనా అను ప్రశ్న వేసినవానికి మాత్రమే భేదము తెలియును. ఎవరి గొడుగు పలుచబడినదో చూచిన చాలును.

తరగతి గదిలోని ప్రదర్శనములు

ఎన్.ఎమ్.ఆర్. యంత్రము వెల కోట్ల రూపాయలలో నుండును. దాని అతివాహక అయస్కాంతమును సున్నకు క్రింద 269 డిగ్రీల సెల్సియస్ చలువ గల ద్రవ హీలియములో ఉంచవలెను. డిగ్రీ కళాశాలలో అట్టిది ఉండుట అరుదు. కావున ఉపాధ్యాయులు సులభ ప్రదర్శనముల నాశ్రయింతురు. అది మెచ్చదగినదే. అయితే ప్రతి ఉపమానమునకును హద్దు కలదు. ఆ హద్దును చెప్పని ప్రదర్శనము సగము పాఠమే.

మొదటిది బొంగరము. తిరుగుచున్న బొంగరము కొంచెము వాలి, తల త్రిప్పుచుండును. క్షేత్రములో ప్రోటాను నడకయు ఇట్టిదేయని చెప్పుట ఆచారము. పోలిక కొంతవరకే. బొంగరము వేగము తగ్గిన కొలది తల త్రిప్పుట త్వరపడి తుదకు పడిపోవును. ప్రోటాను స్పిన్ ఎన్నటికిని తగ్గదు, పెరుగదు. అది దాని సహజగుణము.

రెండవది దిక్సూచి. సూదిని కొంచెము కదలించి, పది సెకనులలో ఎన్ని ఊపులు ఊగునో లెక్కింపవలెను. పిదప సూది యొక్క ఉత్తరపు కొనను ఆకర్షించు అయస్కాంత ధ్రువమును దాని ఎదుటకు తెచ్చి మరల లెక్కింపవలెను. ఊపులు పెరుగును. క్షేత్రము పెరిగినచో పౌనఃపున్యము పెరుగునను మాట కంటికి కనబడును. కాని క్షేత్రము నాలుగు రెట్లయినపుడు సూది వేగము రెండు రెట్లే యగును. ప్రోటాను పౌనఃపున్యము నాలుగు రెట్లగును. మరియు సూది పూర్తిగా ఉత్తరమునకు తిరుగును. ప్రోటానులు అట్లు కావు. ఏడు టెస్లాల క్షేత్రములో, అనగా భూమి క్షేత్రమునకు లక్షరెట్లకు మించిన దానిలో సైతము, గది ఉష్ణోగ్రత వద్ద క్రింది స్థితిలో నుండునవి పై స్థితిలోని వాని కంటె పది లక్షలకు సుమారు 24 మాత్రమే ఎక్కువ. ఈ స్వల్పాధిక్యము నుండియే సంకేతమంతయు పుట్టుచున్నది.

మూడవది నాణెములు. అన్నిటిలోను ఇది ఉత్తమము. ఇథైల్ బ్రోమైడులోని మిథైల్‌నకు పొరుగున రెండు ప్రోటానులున్నవి. ఒక్కొక్కటి క్షేత్రమునకు అనుకూలముగ నైనను, ప్రతికూలముగ నైనను ఉండవచ్చును. రెండు నాణెములను ఎగురవేసినచో రెండు బొమ్మలు ఒక విధమునను, ఒక బొమ్మ ఒక బొరుసు రెండు విధములను, రెండు బొరుసులు ఒక విధమునను పడును. కావున శిఖరము 1:2:1 నిష్పత్తిలో మూడుగా చీలును. మూడు నాణెములతో 1:3:3:1 వచ్చును. మిథిలీన్ శిఖరము నాలుగుగా చీలుట కిదియే కారణము. నలుబది మంది పిల్లలు తలకు పదిమార్లు రెండేసి నాణెములను ఎగురవేసి నల్లబల్లపై లెక్క వ్రాసినచో నిష్పత్తి 1:2:1కి చేరువగా వచ్చును. బొమ్మకును బొరుసుకును సమానావకాశము ఉన్నట్లు రెండు స్థితులలోని ప్రోటానులు దాదాపు సమానముగా ఉండుట చేతనే ఈ ఉపమానము చక్కగా నిలుచును. దిక్సూచి దాచిన విషయమును నాణెము బయటపెట్టును. రెండింటిని వెంటవెంట చూపుట మేలు.

నాలుగవది త్రాసు. వైశాల్యములను యంత్రమే లెక్కించు ఏర్పాటు రాకముందు శాస్త్రజ్ఞులు శిఖరములను కాగితముతో కత్తిరించి తూచెడివారు. ఉన్నత పాఠశాల త్రాసుతో దళసరి కాగితముపై గీచిన శిఖరములను తూచుట సులభము. దీనికిని హద్దు కలదు. త్రాసు నిష్పత్తినే చెప్పును, సంఖ్యను చెప్పదు. ఇథైల్ బ్రోమైడులో 3:2. డైఇథైల్ ఈథరులో 6:4. కాగితమునకు రెండును ఒకటే.

కొల్లేటి కాంటూరు - కొలత సున్న

రసాయన విస్థాపనమును పిల్లలు వట్టి అంకెగా నేర్చుకొందురు. 4.1 అనగా దేనికంటె 4.1? ఈ ప్రశ్నకు కొల్లేటి ప్రాంతపు విద్యార్థి తన ఊరి మాటలోనే జవాబు తెలిసికొనగలడు. కొల్లేరు అభయారణ్యపు హద్దు 1999లో +5 కాంటూరు వరకు నిర్ణయింపబడెను; అనగా సగటు సముద్రమట్టము కంటె ఐదడుగుల ఎత్తు. చెరువుల వివాదములలో "ఐదవ కాంటూరు" అనుమాట అక్కడ పిల్లలకును తెలియును. అట్లే ఈ వర్ణపటములలో టెట్రామిథైల్ సిలేను అను ద్రవము సముద్రమట్టము వంటిది. దానిలోని పండ్రెండు ప్రోటానులు ఒకే తీరువి. ఒకే సన్నని శిఖరము నిచ్చును. దానిని సున్న అని పెట్టుకొని మిగిలినవానిని పది లక్షలలో వంతులుగా కొలుతురు.

ఇట్లు వంతులుగా కొలుచుటకు ప్రయోజనము కలదు. 60 మెగాహెర్ట్జుల యంత్రముపై ఒక వంతు 60 హెర్ట్జులు. 300 మెగాహెర్ట్జుల దానిపై 300. యంత్రము మారినను 4.1 అనునది 4.1గానే ఉండును. కాని చీలికల నడుమ దూరము, ఇథైల్ సమూహములో సుమారు 7 హెర్ట్జులు, యంత్రముతో మారదు. ఏలయన అది బయటి క్షేత్రము వలన కాక పొరుగు ప్రోటాను వలన కలిగినది. ఈ భేదమును గ్రహించిన విద్యార్థికి సగము వర్ణపటము వచ్చినట్లే.

పద్ధతి చెప్పలేనిది

ప్రతి పద్ధతియు ఏమి చెప్పలేదో కూడ నేర్పవలెను. 2020 డిసెంబరులో ఏలూరులో ఆరువందల మందికి పైగా హఠాత్తుగా మూర్ఛలతో అస్వస్థులైరి. హైదరాబాదు నుండి భారతీయ రసాయన సాంకేతిక సంస్థ, జాతీయ పోషకాహార సంస్థల శాస్త్రజ్ఞులు వచ్చి నమూనాలు సేకరించిరి. మొదట రోగుల రక్తములో సీసము, నికెలు కనబడెనని వార్త వచ్చెను. పిదప పురుగుమందుల అవశేషములపై అనుమానము బలపడెను. ఆ దినములలో "ఈ పదార్థము ఏది?" అను ప్రశ్న పరీక్షాపత్రములోనిది కాదు, ఇంటింటిది.

అట్టి సమయమున ప్రోటాను వర్ణపటము ఎంతవరకు పనికివచ్చును? సీసములో హైడ్రోజను లేదు. కావున ఈ వర్ణపటములో దానికి చోటు లేదు. లోహములకు పరమాణు శోషణము, ద్రవ్యరాశి వర్ణమాపకము కావలెను. పురుగుమందులలో హైడ్రోజను ఉండవచ్చును గాని, మామూలుగా తీయు వర్ణపటమునకు కొన్ని మిల్లీగ్రాముల పదార్థమైనను ఉండవలెను. నీటిలోని లేశమాత్రము దానికి అందదు. పది లక్షలకు 24 అను స్వల్పాధిక్యమునకు చెల్లించు మూల్యమిదియే. ఏ ప్రశ్నకు ఏ పద్ధతి అని ఎన్నుకొనలేని పట్టభద్రునికి ఏడు వర్ణపటములు కంఠస్థమైనను ఫలము లేదు.

చేయదగినది

దీనికి ధనము అక్కరలేదు. జపానులోని ప్రభుత్వ పరిశోధన సంస్థ వేలాది పదార్థముల వర్ణపటములను ఉచితముగా అందుబాటులో నుంచినది. అందుండి వారమునకొకటి, పేరు తీసివేసి తరగతికి ఇయ్యవచ్చును. నాలుగు ప్రశ్నలు వరుసగా అడుగవలెను: సంకేతములు ఎన్ని? వైశాల్యముల నిష్పత్తి యెంత? ఎక్కడెక్కడ ఉన్నవి? ఎన్నిగా చీలినవి? ప్రతి జవాబునకును కారణము చెప్పింపవలెను. పరీక్షకులు ఏడింటిని పాఠమునకు వదలి, ఎనిమిదవదానిని పరీక్షకు పెట్టవలెను. పేరు తప్పినను తర్కము సరియైనచో మార్కులు ఇయ్యవలెను. మిథైల్ ప్రొపనోయేటు ఇందుకు తగిన మొదటి ప్రశ్న.

ఉన్నత పాఠశాల ఉపాధ్యాయులకును ఇందు పని కలదు. దిక్సూచి, బొంగరము, నాణెములు, త్రాసు వారి చేతిలోనివే. ఎన్.ఎమ్.ఆర్. పేరెత్తకుండనే తొమ్మిదవ తరగతిలో వీనిని చూపవచ్చును. చూపిన ప్రతిసారియు పోలిక ఎక్కడ ఆగునో పిల్లలచేతనే చెప్పించినచో, వారు కళాశాలకు చేరునాటికి కంటికి కనబడనిదానిని సాక్ష్యము నుండి ఊహించు అలవాటుతో వత్తురు. వర్ణపట పఠనమునకు కావలసిన మొదటి అర్హత అదియే.